ముద్దాయి చిలకమ్మ గారికి సన్మానం

తెలుగునాట ఎన్నో కేసులు నడిచాయి, నడుస్తున్నాయి, మన మనవళ్ళ కాలం దాకా నడుస్తాయి. వాటిలో మూడేళ్ళ పిల్లలు కూడా తడుముకోకుండా అప్పజెప్పగలిగింది ఒక్కటే. అది చిట్టి చిలకమ్మ కేసు. ముద్దాయి పేరు లోకమంతా ఎరుగుదురు. అభియోగాలు అందరికీ నోటికొచ్చు. సాక్షులను మాత్రం ఎవరూ పిలవలేదు, దొరికిన సొత్తు ఎవరూ చూపలేదు, ముద్దాయి నోటి నుంచి ఒక్క ముక్క రాలేదు. అయినా అంగన్‌వాడీ చాప మొదలుకొని ఏసీ ప్లేస్కూలు రంగు కుర్చీల దాకా, పొద్దున్నే హాజరు వేయగానే ఆమె మీద విచారణ మొదలవుతూనే ఉంది.

తరతరాలుగా ఇంత ఓపిగ్గా బోనులో నిలబడిన ప్రాణికి ఒక శాలువా కప్పినవాడు లేడు. పోనీ శాలువాలకు కరువొచ్చిందా అంటే అదీ లేదు. నెల్లూరు పురమందిరంలోకి ఏ సాయంత్రం తొంగిచూసినా ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి కప్పుతూనే ఉంటారు. నిన్న కప్పించుకున్నాయన ఇవాళ కప్పుతుంటాడు. రెండు రోజులూ శాలువా ఒకటేనని గిట్టనివాళ్ళు అంటారు. నేను నమ్మను. పదిహేను పర్వాల భారతాన్ని తెలుగు చేసిన తిక్కన సోమయాజి తిరిగిన ఊరు మాది. సన్మానాల విషయంలో అంత లోభం మాకు ఉండదు.

తిక్కన పేరెత్తాను కాబట్టి ఇంకో మాట. ఆయన పద్యం ఒకటి తప్పుల్లేకుండా చదవమంటే మా వీధిలో సగంమంది అర్జెంటుగా కూరగాయలకు వెళ్ళిపోతారు. చిలకమ్మ పాట చదవమంటే బ్యాంకు మేనేజరు నుంచి బజ్జీల బండి దాకా అందరూ నిలబడి పాడతారు. ఇంత ప్రజాదరణ ఉన్నావిడ ఎన్నికల్లో నిలబడితే ఏమవుతుందో పార్టీలవాళ్ళు ఎందుకు ఆలోచించలేదో నాకు తెలియదు. ఒక గూటి నుంచి ఇంకో గూటికి ఎగరగలిగే అర్హత కూడా ఆమెకు పుట్టుకతోనే వచ్చింది.

అందుకని ఈ శీర్షిక ద్వారా బాధ్యతగా, గంభీరంగా, అవసరమైతే మధ్యాహ్న భోజనానికీ రాత్రి భోజనానికీ నడుమ నిరాహారదీక్షకైనా సిద్ధపడి కోరుతున్నాను. చిలకమ్మకు సన్మానం జరగాలి. నిధులుంటే విగ్రహం.

ముందు రికార్డు చదువుదాం. చిట్టి చిలకమ్మా, అమ్మ కొట్టిందా? తోటకెళ్ళావా? పండు తెచ్చావా? గూట్లో పెట్టావా? గుటుక్కున మింగావా? ఊరిని బట్టి చివరి మాట కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ ప్రశ్నల వరస మారదు. అయిదు ప్రశ్నలు. జవాబుకు చోటే వదల్లేదు. ఒక ప్రశ్న తోక మీదే ఇంకో ప్రశ్న ఎక్కి కూర్చుంటుంది. టీవీ చర్చల్లో యాంకర్లు ఈ పద్ధతిని తామే కనిపెట్టినట్టు తిరుగుతుంటారు. వాళ్ళూ ఈ బడిలోనే చదివారు.

మొదటి ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అమ్మ కొట్టిందా? అంటే శిక్ష అయిపోయింది. తోటకు వెళ్ళిందో లేదో రెండో ప్రశ్నకు గానీ తేలదు. పండు తెచ్చిందో లేదో మూడో ప్రశ్న దాకా ఎవరికీ పట్టదు. దెబ్బలు మాత్రం ముందే పడ్డాయి. ముందు కొట్టడం, ఆ దెబ్బలకు సరిపోయే నేరం తర్వాత వెతకడం, ఆపైన నేరం జరిగిన చోటు, సొత్తు దాచిన చోటు, ఆ సొత్తు ఏమైపోయిందీ వరసగా రాసుకోవడం మన దగ్గర కొత్తేమీ కాదు. కాకపోతే ఆ క్రమాన్ని చప్పట్లతో, లయతో, పాలపళ్ళ వయసులోనే నేర్పిన ఘనత మాత్రం ఈ పాటదే. తర్వాత జీవితంలో మన మీద ఎవరైనా ముందు చేయి చేసుకుని ఆ తర్వాత కాగితాలు రాసుకుంటే మనకు ఎక్కడో విన్నట్టే అనిపిస్తుంది. ఎదురు తిరగం. చప్పట్లు కొట్టకుండా ఉంటే అదే చాలు.

ఇంతకీ అడుగుతున్నదెవరు? అమ్మ కాదు. అమ్మే అయితే కొట్టిందా అని అడగదు, ఇంకో రెండు తగిలిస్తుంది. నాన్నా కాదు. ఇంట్లో పండు ఎప్పుడొచ్చిందో, ఎక్కడ పెట్టారో, ఎవరు తిన్నారో తెలిసిన నాన్న ఇంకా పుట్టాలి. తోటకు పోయిన సంగతి, గూట్లో పెట్టిన సంగతి, ఆఖరికి మింగినప్పుడు వచ్చిన చప్పుడు కూడా తెలిసిన మనిషి ఎవరై ఉంటారు? గోడ అవతలి మనిషి. పక్కింటి పెద్దమ్మ. "అయ్యో చిట్టీ, మీ అమ్మ కొట్టిందా తల్లీ" అని జాలిగా మొదలుపెట్టి నాలుగు మాటల్లో కూపీ మొత్తం లాగి, సాయంత్రానికి వీధి కొళాయి దగ్గర దాన్ని పంచిపెట్టే ఒడుపు ఏ దర్యాప్తు సంస్థకూ రాదు. చిలకమ్మకు ఆ పెద్దమ్మ సంగతి తెలుసు. అందుకే పలకలేదు.

నేను సన్మానం చేయాలంటున్నది ఆ మౌనానికే. చిలకలు మామూలుగా మాటకారి జాతి. శుకుడు పరీక్షిత్తుకు ఏడు రోజులపాటు భాగవతం చెప్పాడు. గోదాదేవి చేతి మీద చిలక, మన్మథుడికి వాహనం చిలక. ఎక్కడ చూసినా సందడే. చెప్పింది చెప్పినట్టు తిరిగి చెప్పడంలో వీటికి పోటీ ఇవ్వగలవాళ్ళు ప్రెస్ మీట్లలో నాయకుడి పక్కన నిలబడేవాళ్ళు తప్ప మరొకరు లేరు. అలాంటి జాతిలో పుట్టి, తన మీద కేసు వచ్చేసరికి ముక్కు మూసుకుని కూర్చుందంటే రాజ్యాంగం చదివే ఉండాలి. 20వ అధికరణం మూడో క్లాజు. ఏ ముద్దాయినీ తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు. చదువుకున్నవాళ్ళం మనం ట్రాఫిక్ పోలీసు ఆపగానే అడక్కుండానే తప్పులన్నీ ఒప్పేసుకుంటాం. ఆమె ఒప్పుకోలేదు.

ఇంగ్లిష్ మీడియం పాటలో పంచదార తిని దొరికిపోయిన కుర్రాడిని గుర్తు చేసుకోండి. వాడిదీ దాదాపు ఇదే కేసు. అడగ్గానే అబద్ధమాడాడు, నోరు తెరవమంటే తెరిచాడు, సాక్ష్యం స్వయంగా చూపించి పైగా నవ్వాడు. పుట్టినరోజు కేకుల మీద వాడి బొమ్మ. మన చిలకమ్మకు ఇంకా చార్టు పేపరే గతి.

స్కూల్ డే నాడు జరిగేది కూడా చెప్పాలి. స్టేజీ మీద ఇరవైమంది పిల్లలు అర్ధచంద్రాకారంలో నిలబడతారు. ఎడమచేయి నడుం మీద, కుడిచేతి చూపుడువేలు గాల్లో. అమ్మ కొట్టిందా అనగానే ఇరవై వేళ్ళు ఒక్కసారి ఊగుతాయి. గుటుక్కున అనగానే ఇరవై అరచేతులు ఇరవై నోళ్ళ మీద పడతాయి. ఒకడు మాత్రం వేలు ముక్కులో పెట్టుకుని ఫ్యాను వంక చూస్తుంటాడు. వాడిని నేను గౌరవిస్తాను. మధ్యలో ఆకుపచ్చ గౌను, ఎర్ర కాగితం ముక్కు, రబ్బరు బ్యాండు బిగుతుకు చెవుల వెనక కందిపోయిన ఒక పిల్ల. ఆ పిల్లకు పాట మొత్తంలో చేయాల్సిన పని లేదు. నిలబడటమే. కింద మూడో వరసలో వాళ్ళమ్మ టీచరును పట్టుకుని అడుగుతుంది. "మిస్, గౌనుకు ఎనిమిదొందలు పెట్టాం. మా పాపకు ఒక్క డైలాగూ లేదా?" లేదమ్మా. పాటలో లేదు. ఇరవై ఒక్కమందిలో ఇరవైమందికి ఇన్‌స్పెక్టరు ఉద్యోగం వచ్చింది. మీ పాపకు మాత్రం కేసు వచ్చింది.

ఇక నేరం జరిగిన చోటు. తోట అన్నారు గానీ ఏ తోటో రాయలేదు. రికార్డులో ఇదొక పెద్ద లోపం. కానీ మా రెండు జిల్లాల్లో తోట, పండు అనే మాటలు పక్కపక్కన పడితే ఇంకేమీ అడగరు. ఉలవపాడు. కావలి దాటి ఒంగోలు వైపు పోతుంటే పదహారో నంబరు జాతీయ రహదారి మీద వేసవిలో ముక్కే దారి చెబుతుంది. రోడ్డు పక్కన తాటాకు పందిళ్ళు, గడ్డి మీద గుట్టలుగా బంగినపల్లి, కత్తితో కోసి ముక్క చేతిలో పెట్టే ఆడవాళ్ళు, వాసనకు బ్రేకు వేసి వెనకవాడితో తిట్లు తినే కార్లు. అక్కడి పండు చూసి చిలకమ్మ ఆగిందంటే అది నేరం కాదు, రుచి తెలియడం.

చిక్కు ఎక్కడంటే, ఉలవపాడు ఏ జిల్లా? 1970కి ముందు కందుకూరు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా పుట్టి దాన్ని తీసుకుపోయింది. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2008లో ఇటు నెల్లూరుకు పొట్టి శ్రీరాములు గారి పేరు చేరింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల గీతలు కొత్తగా గీసినప్పుడు కందుకూరుతో పాటు ఉలవపాడు మళ్ళీ నెల్లూరుకు వచ్చింది. ఒంగోలు దగ్గరగా, నెల్లూరు దూరంగా ఉన్నవాళ్ళు అప్పుడు గొణిగారు, ఆ గొణుగుడు అంత తేలిగ్గా పోయేది కాదు. మీరు ఇది చదివేనాటికి ఎటు ఉంటుందో నేను హామీ ఇవ్వలేను. ఇన్ని మార్పుల్లోనూ మామిడిచెట్టు మాత్రం అంగుళం కదల్లేదు. ముత్తవ్వ చిలక నెల్లూరు జిల్లాలో కొరికిన కొమ్మ మీదే అవ్వ ప్రకాశం జిల్లాలో కొరికింది, మనవరాలు మళ్ళీ నెల్లూరులో కొరికింది. ఆధార్‌లో చిరునామా మార్చుకోమని ఏ చిలకకూ ఎవరూ చెప్పినట్టు లేదు.

మరి కేసు ఏ స్టేషన్‌ది? కందుకూరు కోర్టులో ప్రాక్టీసు చేసే మా బావ ఒకాయన ఉన్నాడు. చిలకమ్మ తరఫున వకాల్తా వేస్తావా అని ఫోను చేశాను. ఫీజు ఎవరిస్తారన్న ప్రశ్న అయ్యాక విషయంలోకి వచ్చాడు.

"స్టేషన్ ఏదైతే ఏంది బావా, ఇప్పుడు జీరో ఎఫ్ఐఆర్ ఉండాది. ఏ స్టేషన్లో అయినా రాసుకుని, తర్వాత సరైన స్టేషన్‌కు పంపించొచ్చు."

"సరైన స్టేషన్ ఏదో తేలేలోపు జిల్లా మారితే?"

"మళ్ళీ పంపిస్తారు. కాగితం తిరగతా ఉంటది, చిలకేమో చెట్టు మీద కూర్చొని ఉంటది. నువ్వు కేసు సంగతి అడుగు."

అడిగాను. మా బావ గొంతు సవరించుకున్నాడు. ఈ గొంతు సవరింపు విన్నాక గంట దాకా ఎవరూ ఫోను పెట్టేయలేరని మా చుట్టాల్లో ప్రతీతి.

"రికార్డులోనే చిట్టి అని రాసుకున్నారు గదా. ఇంక కేసేముంది? ఏడేళ్ళ లోపు బిడ్డ ఏం చేసినా నేరం కాదు. న్యాయ సంహిత ఇరవయ్యో సెక్షన్. అసలు మైనరు పేరు బయట పెట్టకూడదు, బాలల న్యాయ చట్టం డెబ్బై నాలుగు. వీళ్ళేమో మైకుపెట్టి ఊరంతా వినపడేటట్టు పాడిస్తుండారు. మనమే ఎదురు కేసు వేస్తాం."

"మేజరే అని ప్రాసిక్యూషన్ అంటే?"

"అననీ. దొంగతనం 303. సొత్తు విలువ అయిదు వేల లోపు, మొదటి తప్పు, సొత్తు తిరిగిచ్చేస్తే సమాజ సేవతో పోద్ది. జైలే లేదు."

"తిరిగివ్వడం ఎట్టా బావా? గుటుక్కున మింగేసింది గదా?"

అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత, జడ్జి ముందు నిలబడినంత నెమ్మదిగా అన్నాడు.

"మింగిందని ఎవరు చెప్పారు? అడిగారంతే."

ఈ ఒక్క మాటకు మా బావకు కూడా ఒక శాలువా బాకీ పడ్డాను. ఇన్నేళ్ళుగా కోట్లమంది పాడాం. ఆమె తోటకు వెళ్ళిందని, పండు తెచ్చిందని, దాచిందని, మింగిందని నమ్మాం. పాటలో అలా ఎక్కడా లేదు. ఉన్నవన్నీ ప్రశ్నార్థకాలే. కుంభకోణాల్లో ఇరుక్కున్నవాళ్ళు ఆరోపణలు వేరు, నిరూపణలు వేరు అని రోజూ టీవీలో మనకు పాఠం చెబుతారు, మనం తల ఊపుతాం. బిల్లు బిల్లుకూ చిలక్కొట్టుడు కొట్టేవాళ్ళకు ఇచ్చిన ఆ వెసులుబాటు అసలు చిలకకు ఇవ్వలేదు.

పైగా ఆ అభియోగాలు చిలకల మీద నిలిచేవి కావు. మింగావా అని అడిగినవాళ్ళు చిలక మామిడిపండు తినడం దగ్గర నుంచి చూసి ఉండరు. ఉలవపాడు తోటలో ఎవరైనా చూడొచ్చు. దానికి కాలివేళ్ళు రెండు ముందుకు, రెండు వెనక్కి ఉంటాయి. ఆ పట్టుతో కొమ్మకు తలకిందులుగా వేలాడి, కాయ బుగ్గ మీద ఎండ తగిలి రంగు తిరిగిన చోటు చూసుకుని ముక్కు దింపుతుంది. తొక్క చీల్చి కింద పడేస్తుంది. గుజ్జు కొంచెం గీకుతుంది, నాలుకతో చప్పరిస్తుంది, తల పక్కకు వంచి ఆలోచిస్తుంది. పెళ్ళివారింట పెద్ద వియ్యంకుడు పులిహోర రుచి చూసే పద్ధతి. పావు వంతు తినకముందే మనసు మారి పక్క కాయకు పోతుంది. గుటుక్కున మింగే అలవాటు ఆ వంశంలో లేదు. అది మన వంశంలో ఉంది.

గూట్లో పెట్టావా అన్నదీ అంతే. చిలకలు చెట్టు తొర్రలో కాపురం పెడతాయి, అదీ చాలాసార్లు వడ్రంగిపిట్టలాంటిది తొలిచి వదిలేసిన తొర్ర. రేపటికని పండు దాచుకోవు. పిల్లలకు కూడా తాము తిన్నదాన్నే గొంతులోంచి తెచ్చి నోట్లో పెడతాయి. ఆస్తి లేదు, నిల్వ లేదు, ఇల్లు కూడా ఒకరు వదిలేసింది. ఈ వివరాలతో అఫిడవిట్ వేస్తే ఈ దేశంలో అంతకన్నా శుభ్రమైన అఫిడవిట్ ఉండదు.

గుర్తింపు పరేడ్ సంగతి మరీ ఘోరం. ఏ బొమ్మల పుస్తకం తెరిచినా చిలకమ్మ పేరు కింద మెడ చుట్టూ గులాబీ, నలుపు పట్టీ ఉన్న చిలక ఉంటుంది. మన తోటల్లో కనపడే రామచిలకల్లో ఆ పట్టీ మగవాటికే ఉంటుంది. ఆడవాటికి లేదు. మగపిల్లలకు కూడా అది రావడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. అంటే ఇన్నాళ్ళూ చిలకమ్మ పేరుతో పోస్టర్లు వేసింది ఎవరో పెద్దమనిషి ఫోటోతో. పేరు ఆమెది, ముఖం ఆయనది. దెబ్బలు ఆమెకు, ఫోటో ఆయనకు. మహిళా సర్పంచి ఉన్న ఊళ్ళో ఫ్లెక్సీలు చూసినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యం కనపడదు.

తోట యజమానుల పక్షం వినకపోతే అన్యాయం అవుతుంది కాబట్టి వింటాను. పూత మీదనో పిందె మీదనో తోటను గుత్తకు ఇచ్చేస్తారు. గుత్తకు తీసుకున్నాయన అప్పు తెచ్చి డబ్బు కట్టి ఉంటాడు. గాలి వస్తే భయం, వాన వస్తే భయం, ఆ పైన గుంపుగా దిగే చిలకలు. మంచె మీద కాపలా, వడిసెల, పాత డబ్బా మీద కర్రతో మోత. ఆయన బాధ నిజమే. కానీ వడిసెల రాయికి పడే కాయలు ఎన్నో, చిలక ముక్కుకు పడే కాయలు ఎన్నో ఎవరైనా విడివిడిగా లెక్క పెట్టారా అని మా బావ క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడుగుతానంటున్నాడు.

రోడ్డు పక్క పందిట్లో పండ్లమ్మే ఒక పెద్దామెను నేనే అడిగాను. "అవ్వా, చిలక కొట్టిన కాయ ఉందా?"

"అవి నీకెందుకబ్బయా? బాగున్నవి తీసుకో."

"చిలక కొట్టిందే తియ్యగా ఉంటుందంటారు గదా?"

"ఉంటది. అందుకే అమ్మం. మా పిల్లోళ్ళు తింటారు."

"మరి పచ్చికాయ కొరికి పడేస్తే?"

"ఏం చేస్తాం, పులుసులో వేసుకుంటాం."

చూశారా, కేసు ఎక్కడి దాకా పోయిందో. నెల్లూరు చేపల పులుసులో మామిడికాయ ముక్కలు పడాలని దేశమంతటికీ తెలుసు. ఆ ముక్కల్లో చిలక రాల్చినవి ఎన్నో ఎవరు చెప్పగలరు? దొంగసొత్తని తెలిసీ పుచ్చుకోవడం కూడా నేరమే. ఈ లెక్కన పులుసు వండినవాళ్ళు, తిన్నవాళ్ళు, మర్నాటికి ఇంకా బాగుంటుందని గిన్నెలో దాచినవాళ్ళు, అందరూ సహముద్దాయిలు. అన్నట్టు, గూట్లో పెట్టావా అనే ప్రశ్న వేయాల్సింది మనల్ని. రెండు జిల్లాల జనాభానూ ఏ బోనులో నిలబెడతారు? ప్రభుత్వం కేసు ఉపసంహరించుకోవడమే మర్యాద.

చిలకమ్మ నోరు విప్పలేదు గానీ, ఆమె తరఫున నాకొక ఫిర్యాదు ఉంది. వలస పక్షులకు ఉన్న మర్యాద స్థానిక పక్షులకు లేదు. పులికాట్ సరస్సుకు రాజహంసలు వస్తాయి, నేలపట్టుకు గూడబాతులు వచ్చి కడప చెట్ల మీద గూళ్ళు కట్టి పిల్లల్ని చేసుకుంటాయి. వాటి పేర సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ చేస్తారు. స్టాళ్ళు, బస్సులు, బైనాక్యులర్లు, రాత్రి సినిమా పాటలు. 2022లో సూళ్ళూరుపేట తిరుపతి జిల్లాకు పోయింది కాబట్టి మా పండగ కూడా అటే పోయింది, ఆ దుఃఖం వేరే. పండగ మీద నాకు అసూయ లేదు. రాజహంసలు అందమైనవే, ఒంటికాలి మీద అంతసేపు నిలబడటం చేతనైన పని కాదు. కానీ అవి కొన్ని నెలలు ఉండి పోయే చుట్టాలు. ఏడాది పొడుగునా ఇక్కడే ఉండి, ఇక్కడి చెట్ల మీదే బతికి, ఇక్కడి పిల్లలకు పాట నేర్పినదానికి మాత్రం పండగ లేదు. వడిసెల ఉంది.

వడిసెలతో పోతే పర్వాలేదు, పంజరం ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలకను పట్టడం, అమ్మడం, ఇంట్లో పెంచుకోవడం నేరం. చట్టం వచ్చి అర్ధశతాబ్దం దాటింది. అయినా గుడి ముందు చెట్టు నీడన ఒక పంజరం, ఒక కార్డుల కట్ట, రెక్కలు కత్తిరించిన ఒక చిలక ఇప్పటికీ కనపడతాయి. చిలక బయటికి వచ్చి ఒక కార్డు లాగి, గింజ తీసుకుని మళ్ళీ లోపలికి పోతుంది. ఎదురుగా కూర్చున్నాయన తనకు విదేశీయానం ఉందా అని అడుగుతుంటాడు. ఉందని చెబుతుంది. తనకు మాత్రం ఎదురుగా ఉన్న వేపచెట్టు దాకా యానం లేదు. పండు మాటేమో గానీ చిలకమ్మ కేసులో తోట ఉంది. తోటకు వెళ్ళగలగడం అనే అభియోగం మోయాలంటే ముందు రెక్కలుండాలి. ఆ లెక్కన మన ముద్దాయి అదృష్టవంతురాలే.

సరే, విగ్రహం. ఈ పనికి ఊరికే కూర్చుంటే కాదని టీ కొట్టు దగ్గర నలుగురం కూడాం. సంఘానికి పేరు పెట్టడం దగ్గరే గొడవ వస్తుందని ముందే తెలుసు కాబట్టి పేరు పెట్టలేదు. అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నాం, గౌరవాధ్యక్షుణ్ణి ఎన్నుకున్నాం, మిగిలిన ఇద్దరం ఉపాధ్యక్షులం. సభ్యులు ఎవరూ మిగల్లేదు.

స్థలం ఉలవపాడు దగ్గర హైవే పక్కన అన్నారు. జాతీయ రహదారి అధికారుల అనుమతి కావాలన్నారు. అనుమతి అడిగితే రాదు, పెట్టేశాక తీయలేరు అని అనుభవం ఉన్న ఒక ఉపాధ్యక్షుడు సలహా ఇచ్చాడు. శిల్పి తెచ్చిన నమూనాలో మెడకు ఎర్ర పట్టీ ఉంది. పట్టీ లేకపోతే చిలకలా కనపడదండీ, జనం పావురం అనుకుంటారు అన్నాడు. మెడ మీద అరగంట వాదన నడిచింది. చివరికి మెడలో పూలదండ ఎలాగూ ఉంటుంది కాబట్టి పట్టీ ఉన్నదీ లేనిదీ ఎవరికీ కనపడదని గౌరవాధ్యక్షులు తేల్చారు. విగ్రహం చేతిలో, అదే కాలిలో, ఒక పండు ఉండాలని అందరం ఒప్పుకున్నాం. పండు పెడితే నేరం ఒప్పుకున్నట్టే అవుతుందని మా బావ ఫోనులో అరిచాడు. కానుకగా వచ్చిన పండు అని ఫలకం మీద రాద్దామన్నాం. శాంతించాడు.

ఏ పండు? బంగినపల్లి అన్నారు ఒకరు. రసాలన్నారు ఇంకొకరు. అప్పుడు అధ్యక్షులు లేచి, కొనముక్కు తిరిగి అచ్చం చిలక ముక్కులా ఉండే కలెక్టర్ కాయ పెడితే శిల్పానికి అందం, ముద్దాయికి వంశగౌరవం అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. శిల్పి అడ్వాన్సు అడిగాడు. ఇంతలో మా బావ మళ్ళీ ఫోను. కలెక్టర్ కాయను ముక్కుతో పొడుస్తున్నట్టు విగ్రహం పెడితే ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణకు ఆటంకం కింద కేసు రావచ్చు, అసలు దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది, ఏ జిల్లా కలెక్టరు అని.

సమావేశం వాయిదా పడింది. టీ డబ్బులు శిల్పి ఇచ్చాడు.